ఆర్కేడియాను పరిష్కరించాలంటే ముందు ఏ ఆర్కేడియానో చెప్పండి

మీ ప్రశ్న ఇది: పీహెచ్‌డీ కోసం ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లిష్ వచన రొమాన్స్ ఒకటి తీసుకుని స్కాలర్లీ ఎడిషన్ తయారు చేయమని మీ గైడ్ అన్నారు. మీకు సర్ ఫిలిప్ సిడ్నీ 'ఆర్కేడియా' చేయాలని ఉంది. టెక్స్ట్ ఎలాగూ నెట్‌లో దొరుకుతోంది కాబట్టి పాత స్పెల్లింగు సరిచేసి, కింద నోట్సు రాస్తే చాలదా, అదంతా హైదరాబాద్‌లో కూర్చునే చేయొచ్చా అని అడిగారు.

చివరి ముక్కకు ముందు జవాబు చెప్తాను. చాలా భాగం హైదరాబాద్‌లో కూర్చునే చేయొచ్చు. కొంత భాగానికి మాత్రం విమానం ఎక్కాల్సిందే, లేదా అక్కడ ఉన్నవాళ్లను బతిమాలాల్సిందే. మొదటి ముక్కకు జవాబు మాత్రం చాలదు అనే. ఎందుకు చాలదో చెప్పడానికి కాస్త ఓపికగా చదవాల్సి వస్తుంది.

నేను ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. మధ్యలో రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఒక ఎడిషన్ పనిలో ప్రతులు పోల్చే కూలీగా ఉన్నాను. కూలీ అని ఊరికే అనడం లేదు. ఎడమ పక్కన ఒక ప్రతి, కుడి పక్కన ఇంకో ప్రతి పెట్టుకుని కామాకి కామా, అక్షరానికి అక్షరం చూసుకుంటూ పోవడమే రోజంతా పని. ఆ పని చేశాకే నాకు ఈ విద్య అంటే ఏమిటో తెలిసింది. అంతకుముందు నేనూ మీలాగే అనుకునేదాన్ని.

రొమాన్స్ అనగానే ప్రేమకథ అనుకోకండి. మన జానపద సినిమాల సామగ్రి అంతా ఇందులో ఉంటుంది: ఓడ మునిగి విడిపోయిన రాకుమారులు, మారువేషాలు, జోస్యాలు, చనిపోయారనుకున్నవాళ్లు బతికి రావడం. 'ఆర్కేడియా'లో పైరోక్లీస్ అనే రాకుమారుడు తను ప్రేమించిన అమ్మాయికి దగ్గరవడానికి వీరనారి వేషం వేసుకుని అడవిలోని రాజుగారి విడిదికి చేరతాడు. రాజు ఆ 'వీరనారి'ని ప్రేమిస్తాడు. రాణి అది మగవాడని పసిగట్టి తనూ ప్రేమిస్తుంది. కథ అలా సాగుతుంది.

దీన్ని పరిష్కరించడం అంటే ఏమిటో మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్రాలు, కాగితపు నకళ్లు తెప్పించి పోల్పించింది ఈ పనే. పాఠాంతరం (ప్రతికీ ప్రతికీ మాట మారడం), ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చొప్పించినది), లేఖక దోషం (నకలు తీసినవాడి తప్పు), ఈ మాటలన్నీ మనకు ముందే ఉన్నాయి. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మన పరిష్కర్త సాధారణంగా కవి ఒక్క పాఠమే రాశాడని, తర్వాత లేఖకులు దాన్ని పాడు చేశారని, ఆ మురికి కడిగితే కవి మాట బయటపడుతుందని అనుకుంటాడు. సిడ్నీ దగ్గర ఆ ధీమా పనికిరాదు. ఇక్కడ పాఠాన్ని ముందుగా మార్చింది రాసినాయనే.

సిడ్నీ ఈ పుస్తకాన్ని 1570ల చివర్లో మొదలుపెట్టి 1580 ప్రాంతంలో ముగించాడు. చాలా భాగం విల్టన్‌లో, చెల్లెలు మేరీ ఇంట్లో రాశాడు. ఆమె పెంబ్రోక్ కౌంటెస్. విడి కాగితాల మీద, ఎక్కువగా నీ ఎదురుగానే రాశాను, మిగతాది రాసింది రాసినట్టే నీకు పంపాను అని ఆమెకు రాసిన అంకితంలో ఆయనే చెప్పుకున్నాడు. ఇది ఐదు భాగాల కథ, మధ్యమధ్యలో గొర్రెల కాపరుల పాటల కచేరీలు. దాన్ని అచ్చు వేయించలేదు. అప్పట్లో పెద్దింటివాళ్లు అచ్చుకెక్కడం నామోషీగా ఉండేది. స్నేహితులు, బంధువులు నకళ్లు తీయించుకుని చదువుకున్నారు. ఆ నకళ్లలో అర డజనుకు పైగా ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత ఆయనకే ఆ పుస్తకం నచ్చలేదు. 1580ల మొదట్లో దాన్ని తిరగరాయడం మొదలుపెట్టాడు. తిరగరాయడం అంటే చిన్నచిన్న దిద్దుబాట్లు కాదు. సూటిగా సాగే కథను మధ్యలో నుంచి ఎత్తుకున్నాడు, ఉపకథల్లో ఉపకథలు చొప్పించాడు, యుద్ధాలు పెంచాడు, చెరసాల ఘట్టం కొత్తగా కల్పించాడు. మూడో భాగంలో ఒక ద్వంద్వ యుద్ధం జరుగుతుండగా, వాక్యం మధ్యలో, కలం ఆగిపోయింది. ఎందుకు ఆపాడో ఎవరికీ తెలియదు. 1586 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ దగ్గర యుద్ధంలో తొడకు తూటా తగిలి, అక్టోబరు 17న చనిపోయాడు.

ఆయన పోయిన కొన్ని వారాలకే, పాత పుస్తకాన్ని ఎవరో అచ్చు వేయబోతున్నారని విలియమ్ పాన్సన్‌బీ అనే పుస్తకాల వ్యాపారి వచ్చి ఫుల్క్ గ్రెవిల్‌కి చెప్పాడు. గ్రెవిల్ సిడ్నీకి చిన్ననాటి స్నేహితుడు. వెంటనే సిడ్నీ మామగారైన వాల్సింగ్‌హామ్‌కి ఉత్తరం రాశాడు: పాతదాన్ని దిద్దిన కొత్త ప్రతి ఒకటి నా దగ్గరే ఉంది, దానికి ఇంకో నకలు లేదు అని. 1590లో ఆ కొత్త 'ఆర్కేడియా'ని, తెగిపోయిన వాక్యంతో సహా, పాన్సన్‌బీయే క్వార్టోగా (కాగితాన్ని నాలుగు ఆకులుగా మడిచిన సైజు) అచ్చు వేశాడు. అధ్యాయాలుగా విడగొట్టి, ప్రతి అధ్యాయానికీ ముందు సారాంశం పెట్టింది సిడ్నీ కాదని, అచ్చు పని చూసినవాడు చేసిన సాహసమని అందులోనే చెప్పారు. ఈ నిజాయితీ నాకు భలే నచ్చుతుంది. మన దగ్గర చాలా పాత పుస్తకాలకు శీర్షికలు ఎవరు పెట్టారో చెప్పే దిక్కు లేదు.

చెల్లెలికి ఆ పుస్తకం నచ్చలేదు. 1593లో ఆమె ఆధ్వర్యంలో ఫోలియో (కాగితాన్ని ఒక్కసారే మడిచిన పెద్ద సైజు పుస్తకం) వచ్చింది. తిరగరాసిన భాగం ఎక్కడ ఆగిందో, అక్కడ నుంచి పాత పుస్తకం చివరి భాగాలను తెచ్చి అతికించారు. ముందుమాట రాసిన హ్యూ శాన్‌ఫర్డ్, 1590 పుస్తకం ముఖమంతా మచ్చలని, ఇప్పుడు కడిగామని అన్నాడు. ఆ పుస్తకం మొదటి పేజీలో ఒక బొమ్మ ఉంది: మరువం మొక్కను వాసన చూసి వెనక్కి జంకుతున్న పంది, కింద 'నా పరిమళం నీకోసం కాదు' అనే అర్థం వచ్చే లాటిన్ మాట. మనవాళ్లు గాడిదకేం తెలుసు గంధపు వాసన అన్నట్టే. ఆ పంది ఎవరో 1590 పుస్తకం వెనకున్న గ్రెవిల్ వర్గం ఆలోచించుకుని ఉంటుంది.

అతుకు పెట్టారు సరే, రెండు బట్టలు ఒకే రంగు కాదు కదా. పాత పుస్తకంలో ఆడవేషంలో ఉన్న పైరోక్లీస్ పేరు క్లియోఫిలా, కొత్తదానిలో జెల్మేన్. అతికించిన చివరి భాగాల్లో ఆ పేరు మార్చారు. ఇంకా పెద్ద మార్పు: పాతదానిలో పైరోక్లీస్, ఫిలోక్లియా పెళ్లికి ముందే కలుస్తారు, మరో రాకుమారుడు ముసిడోరస్ నిద్రపోతున్న పమేలాని బలవంతం చేయబోయే దాకా వెళ్తాడు. 1593 పుస్తకంలో ఇద్దరూ నీతిమంతులైపోయారు. ఈ మార్పు సిడ్నీ చెప్పి వెళ్లిందా, చెల్లెలు అన్న పరువు కాపాడడానికి చేసిందా అని వందేళ్లుగా వాదిస్తున్నారు. నాకు మొదటిదే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంది. ఎందుకంటే తిరగరాసిన భాగంలో ఆ ఇద్దరు రాకుమారులూ అప్పటికే పెద్దమనుషులుగా మారిపోయారు. అదే దారిలో వెళ్తే చివరి భాగాల్లోనూ సిడ్నీ ఈ మార్పులే చేసేవాడు. కానీ రుజువు చేయలేను.

మూడు వందల ఏళ్లకు పైగా జనం 'ఆర్కేడియా' అంటే ఈ అతుకుల బొంతనే చదివారు. మధ్యలో ఖాళీ ఉందని 17వ శతాబ్దంలో సర్ విలియమ్ అలెగ్జాండర్ ఒక వంతెన రాస్తే అదీ పుస్తకంలో కలిపేశారు. పాత 'ఆర్కేడియా' అనేది విడిగా ఉందన్న సంగతే మరుగున పడింది. 1907 ప్రాంతంలో బెర్‌ట్రామ్ డోబెల్ అనే లండన్ పుస్తకాల వ్యాపారి చేతికి మూడు చేతిరాత ప్రతులు వచ్చాయి. చదివి చూస్తే ఇది వేరే పుస్తకమని తెలిసింది. ఆల్బర్ట్ ఫ్యోయెరా 1926లో దాన్ని మొదటిసారి అచ్చులో తెచ్చాడు. అంటే సిడ్నీ పోయిన 340 ఏళ్లకు.

ఇప్పుడు మీరు 'ఆర్కేడియా చేస్తాను' అంటే, ఏది చేస్తారు? పాతది చేస్తే పూర్తి కథ దొరుకుతుంది, కానీ రాసినవాడే పక్కన పెట్టిన పుస్తకం అది. కొత్తది చేస్తే ఆయన చివరి ఆలోచన దొరుకుతుంది, కానీ ముగింపు లేదు. 1593ది చేస్తే తరతరాలు చదివిన పుస్తకం దొరుకుతుంది, కానీ అలాంటి పుస్తకాన్ని సిడ్నీ ఎప్పుడూ రాయలేదు. 'కింగ్ లియర్'లో గ్లాస్టర్ కథకు మూలమైన పాఫ్లగోనియా రాజు ఘట్టం కొత్తదానిలోనే ఉంది, పాతదానిలో లేదు. షేక్‌స్పియర్ మూలాలని ఎవరైనా పాత 'ఆర్కేడియా' కొనుక్కుంటే ఆ ఘట్టం కోసం వెతికి వెతికి అలిసిపోవాల్సిందే. అందుకే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఒక్క పుస్తకంగా తేలేదు. జీన్ రాబర్ట్‌సన్ 1973లో పాతదాన్ని, విక్టర్ స్క్రెట్కోవిచ్ 1987లో కొత్తదాన్ని, రెండు వేర్వేరు పుస్తకాలుగా తెచ్చారు. పద్యాలను అంతకుముందే, 1962లో, విలియమ్ రింగ్లర్ విడిగా పరిష్కరించాడు. అతుకుల బొంత కావాలనుకునేవాళ్లకు మారిస్ ఎవాన్స్ 1977లో పెంగ్విన్‌కి చేసిన పుస్తకం ఉంది. అందరూ సరైన పనే చేశారు. ఎవరు ఏ పుస్తకం చేస్తున్నారో ముందే చెప్పారు, అంతే.

రింగ్లర్ చెప్పిన ఇంకో విషయం కూడా తెలుసుకోండి. పాతదాని చేతిరాత ప్రతులు ఒకదానితో ఒకటి ఎందుకు సరిపోవు? లేఖకుల తప్పులు ఒక కారణం. అసలు కారణం, సిడ్నీ తన దగ్గరున్న పని ప్రతిలోనే అప్పుడప్పుడూ దిద్దుకుంటూ పోయాడు, ఒక్కొక్కరూ ఒక్కో సమయంలో దాన్ని చూసి నకలు తీసుకున్నారు అని ఆయన వాదన. అంటే ఒక ప్రతిలో 'తప్పు'లా కనబడేది ఆయన ముందు రాసుకున్న మాటే కావచ్చు. అన్ని ప్రతుల్లోనూ నచ్చిన పాఠాలు ఏరుకుని ఒక మాల గుచ్చారనుకోండి, ఏ రోజునా ఏ కాగితం మీదా లేని పుస్తకం ఒకటి తయారవుతుంది.

కాబట్టి నా సలహా: పీహెచ్‌డీకి 'ఆర్కేడియా' జోలికి పోకండి. పైన చెప్పినవాళ్లు జీవితాలు పెట్టిన చోట మూడు నాలుగేళ్లలో మీరు కొత్తగా చేయగలిగేది తక్కువ. చిన్నది తీసుకోండి. అదే కాలపు రచయిత రాబర్ట్ గ్రీన్ రాసిన రొమాన్సులు చాలా ఉన్నాయి. ఆయన మొత్తం రచనల్ని గ్రోసార్ట్ 1881–86 మధ్య పదిహేను సంపుటాలుగా తెచ్చాడు. చాలామంది ఇంకా అక్కడికే వెళ్తారు, వెళ్లి దాని తప్పుల్ని కూడా మోసుకొస్తారు. రెండు మూడు తొలి ముద్రణలు ఉండి, మిగిలిన ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేలా ఉన్న రొమాన్స్ ఒకటి మీ గైడ్‌తో కూర్చుని ఏరుకోండి.

గ్రీన్‌దే 'పాండోస్టో' తీసుకోండి, చిన్న పుస్తకానికి ఎంత పని ఉంటుందో చెప్పడానికి. 1588లో మొదట అచ్చయింది. దానికి మిగిలింది ఒకే ఒక్క ప్రతి, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో 'బి' గుర్తున్న షీటు (మడిచి ఆకులు చేసే ఒక్క పెద్ద కాగితం) మొత్తం లేదు. క్వార్టో కాబట్టి నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు. ఆ ఎనిమిది పేజీలకు 1592 ముద్రణ వైపు వెళ్లాల్సిందే. అంటే పుస్తకంలో కొంత భాగానికి మీ ఆధారం వేరు, మిగతా భాగానికి వేరు. అది దాచకుండా చెప్పాలి.

ఇంకో తమాషా. అందులో దేవవాణి చెప్పే మాట: పోయినది దొరక్కపోతే రాజు వారసుడు లేకుండా బతుకుతాడు. తొలి ముద్రణల్లో 'బతుకుతాడు' అనే ఉంది. 1607 ముద్రణకి వచ్చేసరికి అది 'చస్తాడు' అయింది. అర్థం కూడా కుదిరినట్టే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. షేక్‌స్పియర్ ఈ కథతోనే 'ది వింటర్స్ టేల్' రాశాడు. ఆ నాటకంలో దేవవాణి 'బతుకుతాడు' అనే అంటుంది. అంటే ఆయన బల్ల మీద ఉన్నది 1607 ప్రతి కాదు, అంతకుముందు అచ్చయినది. ఒక్క క్రియాపదం పట్టుకుని ఆయన ఏ కాలపు పుస్తకం చదివాడో చెప్పగలిగారు. 1607ది ఆధారంగా పెట్టుకుని, మిగతావాటితో పోల్చకుండా ఎవరైనా ఎడిషన్ వేస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇక ఆధార ప్రతి ఎలా ఎంచుకోవాలి? ఇంగ్లిష్‌వాళ్లు కాపీ టెక్స్ట్ అనే మాట వాడతారు. ఆ మాట పుట్టిందే మన రంగంలో. ఆర్. బి. మెకెరో గ్రీన్ కాలంవాడే అయిన థామస్ నాష్ రచనల్ని పరిష్కరిస్తూ 1904లో దాన్ని వాడాడు. నాష్ 'అన్‌ఫార్చునేట్ ట్రావెలర్' 1594లోనే రెండుసార్లు అచ్చయింది. రెండోదాని మీద 'కొత్తగా దిద్ది, పెంచినది' అని ఉంది. రచయితే దిద్దాడు కాబట్టి రెండోదే ఆధారమని మెకెరో దాన్నే పట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ దాన్ని తప్పు పట్టాడు. 1950–51లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ రంగంలో అందరూ ముందు చదివేది. ఆయన మాట సులువుగా చెప్పాలంటే: మాటలు వేరు, మాటల మీద బట్టలు వేరు. స్పెల్లింగు, కామాలు, పెద్దక్షరాలు బట్టలు. ప్రతి కొత్త ముద్రణలో కంపోజిటర్ (అచ్చు అక్షరాలు పేర్చేవాడు) ఆ బట్టలు మారుస్తాడు. కాబట్టి బట్టల కోసం రచయిత చేతిరాతకు దగ్గరగా ఉన్న తొలి ముద్రణను పట్టుకో, మాటల కోసం రచయిత తర్వాత దిద్దినవి అనిపిస్తే వాటిని అందులోకి తెచ్చుకో.

బాగుంది కదా? నాటకాలకు బాగుంది. వచనానికి వచ్చేసరికి నాకు ఒక ఇబ్బంది ఉంది. విజయవాడలో పాత లెటర్ ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లను అడగండి, లైను చివరికి రెండు వైపులా సరిగ్గా నిండాలంటే ఎంత తంటానో చెప్తారు. పద్యానికి ఆ బాధ లేదు, లైను ఎక్కడ ఆగితే అక్కడ ఖాళీ వదిలేయొచ్చు. వచనంలో ప్రతి లైనూ నిండాలి. ఎలిజబెత్ కాలపు కంపోజిటర్‌కి ఒక వెసులుబాటు ఉంది: స్పెల్లింగు స్థిరంగా లేదు. చోటు మిగిలితే మాట చివర ఒక అదనపు 'ఈ' తగిలిస్తాడు, చోటు చాలకపోతే పీకేస్తాడు. 'ఎమ్', 'ఎన్' పీకేసి పక్క అచ్చు (వవెల్) మీద గీత పెడతాడు, మనం సున్నా పెట్టినట్టు. కాబట్టి పాత స్పెల్లింగు యథాతథంగా ఉంచి, ఇదిగో గ్రీన్ చేతి మాట అని మురిసిపోయే చాలా చోట్ల మీరు భద్రంగా కాపాడుతున్నది ఒక అజ్ఞాత కంపోజిటర్ లైను నింపుకున్న తెలివి. చెడ్డ పని అనను. ఏం కాపాడుతున్నామో తెలిసి కాపాడాలి.

ప్రతులు పోల్చడం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ సరిగ్గా నేర్పరు. అప్పట్లో ఒక పక్క ప్రూఫు చూస్తుంటే ఇంకో పక్క ప్రెస్సు నడుస్తూనే ఉండేది. తప్పు కనబడితే మిషను ఆపి దిద్దేవాళ్లు, కానీ అప్పటికే అచ్చయిన కాగితాలు పారేసేవాళ్లు కాదు, కాగితం ఖరీదు. దిద్దినవీ దిద్దనివీ కలిపే బైండింగుకి వెళ్లేవి. అందుకే ఒకే ముద్రణకు చెందిన రెండు ప్రతులు ఒకేలా ఉండాలని లేదు. ఒక్క ప్రతి చూసి '1590 పాఠం ఇది' అనకూడదు.

ఇక్కడ ఒక కిటుకు. మన ప్రెస్సుల్లో ఫారం అంటారు కదా, క్వార్టోలో కాగితం ఒక వైపున నాలుగు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి. ఒక వైపు 1, 4, 5, 8 పేజీలు, రెండో వైపు 2, 3, 6, 7. మిషను ఆపి దిద్దితే ఆ వైపున ఉన్న నాలుగు పేజీలూ చూసి దిద్దుతారు. కాబట్టి ఐదో పేజీలో రెండు ప్రతుల మధ్య తేడా కనబడితే వెంటనే ఒకటి, నాలుగు, ఎనిమిది పేజీలు మళ్లీ చూడండి. తేడాలు తరచు గుంపుగా ఉంటాయి. నేను ఇది తెలుసుకునేలోపు నెలలు వరుస పేజీల్లో గుడ్డిగా వెతికాను.

నా సిగ్గు కూడా చెప్పుకోవాలి. ఆ రెండేళ్లలో మొదటి ఏడాది మైక్రోఫిల్మ్ మీదే పని చేశాను. ఒక వాక్యంలో ఒక ప్రతిలో కామా, ఇంకో ప్రతిలో సెమికోలన్. తేడా దొరికిందని ఎగిరి గంతేశాను, దాని మీద ఒకటిన్నర పేజీ నోటు కూడా రాశాను. తర్వాత అసలు పుస్తకం తెరిపించి చూస్తే, సెమికోలన్ పైచుక్క పురుగు కొట్టిన కన్నం. కాగితం తిప్పితే వెనక పేజీలో కూడా అదే చోట కన్నం. అప్పటి నుంచి కాగితం వెనక వైపు చూడకుండా చుక్క మీద ఒక్క మాట రాయలేదు.

మీరు నెట్‌లో దొరుకుతోందన్న టెక్స్ట్ విషయానికి వస్తే, అది చాలావరకు ఆ పాత మైక్రోఫిల్ముల నుంచి మనుషులు టైపు చేసినదే. ఈబో (పాత ఇంగ్లిష్ పుస్తకాల బొమ్మల ఆన్‌లైన్ భాండారం) పుస్తకాలను టైపు చేయించిన టీసీపీ వాళ్లు చేసిన పని పెద్దది, 2015లోనే పాతిక వేల దాకా పుస్తకాలు ఎవరైనా ఉచితంగా తీసుకునేలా పెట్టారు. మనలాంటి దూరపు వాళ్లకు అది వరం. కానీ అది ఒకే ప్రతికి నకలు. చదవలేకపోయిన అక్షరం చోట చుక్క పెట్టి వదిలేశారు, ఆ చుక్కలు మీరే నింపుకోవాలి. ఇంకో ప్రమాదం పొడుగు 'ఎస్'. అది చూడ్డానికి అడ్డగీత సగమే ఉన్న 'ఎఫ్'లా ఉంటుంది. మన 'ధ', 'థ' గొడవే. 'సైట్' అని ఉండాల్సిన చోట 'ఫైట్' అని టైపైతే రొమాన్సులో రెండూ అర్థవంతమే, కన్నెత్తి చూపు విసిరినా యుద్ధమే కాబట్టి. ఆ ఫైలుని పని మొదలుపెట్టడానికి వాడండి. దాన్నే ఆధార ప్రతిగా పెట్టి దిద్దితే, దాన్ని టైపు చేసినవాళ్ల తప్పుల్ని కూడా మీ పేరు మీద అచ్చు వేసుకున్నట్టే.

స్పెల్లింగు ఆధునికం చేయాలా వద్దా అని మీరు అడిగినంత సులువైన ప్రశ్న కాదది. 'యు', 'వి'లను, 'ఐ', 'జె'లను మార్చడం తేలిక. 'ట్రావెల్' దగ్గరికి వచ్చేసరికి చిక్కు. అప్పట్లో ప్రయాణానికీ, కష్టానికీ స్పెల్లింగు ఒకటే, రెండు అర్థాలూ ఒకేసారి మోగుతాయి. ఇప్పటి స్పెల్లింగు పెడితే రెండింట్లో ఒకదాన్ని మీరే చంపాలి. నాష్ పుస్తకం పేరులోనే ఆ ఆట ఉంది. 'దెన్', 'దాన్' అప్పట్లో వేరు కాదు. 'మెటల్' అంటే లోహం, గుండె ధైర్యం కూడా.

నన్ను అడిగితే స్పెల్లింగు కంటే విరామ చిహ్నాలే ఎక్కువ టెన్షన్. ఆ కాలపు పుస్తకాల్లో సంభాషణకు కొటేషన్ గుర్తులు లేవు. సిడ్నీ వాక్యం అర పేజీ నడుస్తుంది. అందులో మొదట పాత్ర మాట్లాడుతుంది, తర్వాత ఆమె మనసులో ఏముందో కథకుడు చెప్తాడు, మళ్లీ ఎప్పుడో ఆమె గొంతులోకి జారిపోతాడు. మీరు కొటేషన్ మూసే చోటు మీ వ్యాఖ్యానం. ఆ ఒక్క గుర్తుతో ఒక ఆలోచనను కథకుడిది చేయొచ్చు, పాత్రది చేయొచ్చు. పేరాలు విడగొట్టడమూ అంతే. సిడ్నీ వచనంలో బ్రాకెట్లు కుప్పలు తెప్పలుగా ఉంటాయి, చెవిలో చెప్పే గుసగుసలా. వాటిని తీసేసి కామాలు పెట్టిన పుస్తకాలు చదివాను, ఆ గుసగుస పోయింది. ఆధునికం చేయండి, నేను వద్దనను, మన విద్యార్థులు చదవాలి కదా. కానీ బ్రాకెట్లు ఉంచండి. మీరు పెట్టిన కొటేషన్లు మీరు పెట్టినవేనని ముందుమాటలో చెప్పండి, 1590లో అధ్యాయాలు విడగొట్టినాయన చెప్పినట్టు.

నోట్సు గురించి ఎక్కువ చెప్పను, మీకు వచ్చిన విద్యే అది. ఒక్క హెచ్చరిక. జాన్ లిలీ 1578 'యూఫ్యూస్' తర్వాత వచ్చిన రొమాన్సుల్లో పేజీకి నాలుగు వింత జంతువులు, రాళ్లు, మూలికలు కనబడతాయి. ప్రతిదానికీ మూలం ప్లినీ (ప్రకృతి వింతలు పోగేసిన రోమన్ రచయిత) అని రాసి ఊరుకోకండి. లిలీ చాలావాటిని ఎరాస్మస్ సంకలనాల నుంచి, ప్లూటార్క్ నుంచి ఎత్తుకున్నాడు. గ్రీన్ లాంటివాళ్లు లిలీ నుంచే ఎత్తుకున్నారు. మీ రచయిత చేతిలో నిజంగా ఏ పుస్తకం ఉందో వెతకడమే నోటు పని. సామెతలకు టిల్లీ 1950లో వేసిన నిఘంటువు, ఆ కాలపు పదాల అర్థాలకు టొరంటో యూనివర్సిటీ వాళ్ల లెమ్ డేటాబేస్ చూడండి. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో అర్థంతోపాటు ఆ అర్థం ఏ సంవత్సరం నుంచి ఉందో చూడండి. 1588 మాటకు 1700 తర్వాత వచ్చిన అర్థం రాసిన నోట్సు నేను చాలా దిద్దాను, నావి కూడా.

హైదరాబాద్‌లో ఏం చేయొచ్చు? ఈబో బొమ్మలు, టీసీపీ ఫైలు, గ్రోసార్ట్ సంపుటాల స్కాన్లు, గ్రెగ్ వ్యాసం, మెకెరో రాసిన బిబ్లియోగ్రఫీ పుస్తకం, ఇవన్నీ టేబుల్ దగ్గరకే వస్తాయి. మొదటి ఏడాది అంతా వీటితో నడుస్తుంది. మిగిలిన ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇంగ్లిష్ షార్ట్ టైటిల్ క్యాటలాగ్ చూసి జాబితా రాసుకోండి. లైబ్రరీలకు మర్యాదగా, ఏ షీటు ఏ పేజీ అని కచ్చితంగా అడుగుతూ రాస్తే చాలాసార్లు ఫొటోలు పంపుతారు. 'పుస్తకం మొత్తం పంపండి' అంటే బిల్లు పంపుతారు. చివరి ఏడాది, మీ అనుమానాలన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లోకి కుదించుకున్నాక, ఆ అనుమానాలు తీర్చుకోవడానికి మాత్రమే ప్రయాణం పెట్టుకోండి. అక్కడికి వెళ్లి మొదలుపెడతానంటే డబ్బూ రోజులూ కామాలు లెక్కపెట్టడంలోనే అయిపోతాయి.

ఈ వారం ఇది చేయండి. 'పాండోస్టో' 1592 ముద్రణ బొమ్మలు తెరిచి, 1588లో లేని ఆ 'బి' షీటు ఎనిమిది పేజీలు మీ చేత్తో టైపు చేయండి. పొడుగు 'ఎస్', గీతలు, స్పెల్లింగు, అన్నీ ఉన్నది ఉన్నట్టు. చేశాక టీసీపీ ఫైలుతో, తర్వాత గ్రోసార్ట్‌తో పోల్చి, తేడాలు వచ్చిన ప్రతి చోటా ఎవరిది తప్పో రాయండి. కొన్ని చోట్ల తప్పు మీదే ఉంటుంది, అవి కూడా రాయండి. ఆ కాగితం మీ గైడ్‌కి చూపించే ముందు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.